ఊరికి తలకట్టు

(రాజమహేంద్రవరంలో భవన నిర్మాణ విద్యార్థులు, పట్టణవాసుల ఎదుట చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాతలో పెట్టాం.)

అందరికీ నమస్కారం అండి. ఈ పూట మన మాట స్కైలైన్ గురించి, అంటే ఊరి కట్టడాలు ఆకాశాన్ని తాకే అంచు గురించి. లోపలికి వచ్చేటప్పుడు తలుపు దగ్గర మీ చేతిలో ఒక్కో బియ్యపు గింజ పెట్టారు కదా. ఎందుకో తెలియక నోట్లో వేసేసుకున్నవాళ్ళు పక్కవాళ్ళది అడిగి తీసుకోండి. (నవ్వులు) చెయ్యి పూర్తిగా చాచి, ఆ గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలువుగా పట్టుకోండి. ఒక కన్ను మూయండి. గింజ పొడవు ఐదు మిల్లీమీటర్ల పైచిలుకు. కంటికీ చేతికీ మధ్య దూరం అరవై సెంటీమీటర్లు. అంటే ఆ గింజ మీ కంటికి అర డిగ్రీ ఎత్తు. పున్నమి చంద్రుడు కూడా ఇంచుమించు అంతే.

ఇప్పుడు మనసులోనే గోదావరి దాటి కొవ్వూరు రేవులో నిలబడదాం. ఇటు తిరిగి రాజమండ్రిని చూద్దాం. నది వెడల్పు ఇక్కడ రెండు ముప్పావు కిలోమీటర్లు. మన ఊళ్ళో ఎక్కువ అపార్ట్‌మెంట్లు స్టిల్టు, అంటే బళ్ళు నిలిపే స్తంభాల అంతస్తు, దాని మీద ఐదంతస్తులు, మొత్తం 18 మీటర్ల లోపు. లెక్క తేలిక. ఎత్తును దూరంతో భాగించి 57తో గుణించండి, డిగ్రీలు వస్తాయి. 18ని 2750తో భాగించి 57తో గుణిస్తే 0.37. అంటే మూడు లక్షలు దాటిన జనాభా ఉన్న ఊరు అవతలి గట్టు నుంచి ముప్పాతిక బియ్యపు గింజ ఎత్తున ఉంటుంది. అంతకు మించి లేదు.

అదే చెయ్యి హాంకాంగ్‌లో చాచితే? చిమ్ షా చూయ్ ఒడ్డున నిలబడితే ఎదురుగా విక్టోరియా హార్బర్, దాని అవతల రెండో ఐఎఫ్‌సీ టవరు. 2003లో పూర్తయింది, ఎత్తు 412 మీటర్లు. దూరం ఇంచుమించు 1600 మీటర్లు. పద్నాలుగు డిగ్రీల పైన వస్తుంది. చాచిన చేతి మీద కొలిస్తే పదిహేను సెంటీమీటర్లు, జానెడులో ముప్పాతిక. షాంఘైలో నది ఇంకా సన్నం, అర కిలోమీటరు. బండ్ అనే పాత గట్టు మీద నిలబడి 632 మీటర్ల షాంఘై టవరును చూస్తే జానెడు దాటిపోతుంది. అక్కడ జానెడు, ఇక్కడ ముప్పాతిక గింజ. స్కైలైన్ గురించి మాట్లాడాలంటే మొదట ఈ తేడా దగ్గరే ఆగాలి. ఎందుకంటే ఈ తేడాలో ఎక్కువ భాగం భవనాల ఎత్తుది, మిగతాది నీటి వెడల్పుది.

స్కైలైన్‌ను పత్రికల్లో ఆకాశరేఖ అని రాస్తున్నారు. మంచి మాటే, అయినా నోటికి స్కైలైనే అలవాటైంది కాబట్టి అదే వాడతాను. అక్షరానికి తలకట్టు ఎలాగో ఊరికి స్కైలైన్ అలాగ.  ఊరిని గుర్తుపట్టడానికి ఆకాశాన్ని తాకే అంచే చాలు.

మరి ఎంత కోణం ఉంటే బాగుంటుంది? పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో మేర్టెన్స్ అనే ఆయన కళ్ళ వైద్యుల కొలతలు పట్టుకుని ఒక లెక్క కట్టాడు. కట్టడం ఎత్తు ఎంతో అంతే దూరంలో నిలబడితే 45 డిగ్రీలు. అక్కడ చెక్కడాలు కనపడతాయి, మొత్తం కట్టడం కనపడదు. రెండింతల దూరంలో 27 డిగ్రీలు, కట్టడం మొత్తం ఒక్క చూపులో ఇముడుతుంది. మూడింతల దూరంలో 18, కట్టడం చుట్టుపక్కలవాటితో కలిసి కనపడుతుంది. ఇంకా వెనక్కి వెళ్తే స్కైలైన్ మొదలవుతుంది. కింది హద్దు సంగతి నా అంచనా చెబుతాను: ఐదు డిగ్రీల కంటే తగ్గితే అది బొమ్మ కాదు, గీత. కొవ్వూరు నుంచి రాజమండ్రి ఐదు డిగ్రీలు కనపడాలంటే 240 మీటర్ల టవర్లు కావాలి. డెబ్బై అయిదు అంతస్తులు. అంత అక్కరలేదు, కట్టమని ఎవరూ అడగడమూ లేదు.

దీనికి ఇంకో మార్గం ఉంది. ముంబయి మెరీన్ డ్రైవ్ చూడండి. అక్కడ అవతలి ఒడ్డు అంటూ లేదు, సముద్రమే. కానీ ఒడ్డు కొడవలిలా వంగి ఉంది. ఈ కొసన నిలబడితే ఆ కొసన ఉన్న ఊరు కనపడుతుంది. ఊరు తనను తానే చూసుకుంటుందన్నమాట. అక్కడి ఆర్ట్ డెకో అనే పాత శైలి భవనాలకు పెద్ద ఎత్తేమీ లేదు, ఎక్కువ భాగం ఐదారు అంతస్తులే. 2018లో యునెస్కో జాబితాలో చేరిన భవనాల్లో అవీ ఉన్నాయి. వంపు, నీళ్ళు, సమానమైన ఎత్తు, రాత్రి దీపాల వరస, ఇవే దాని ఆస్తి. వంపు లేని ఊరికి పడవో వంతెనో దిక్కు. గోదావరిలో గట్టుకు అర కిలోమీటరు దూరంలో పడవ ఆపితే అదే 18 మీటర్ల అపార్ట్‌మెంటు రెండు డిగ్రీలకు పెరుగుతుంది. నాలుగు గింజలు. ఇంకా గీతే, కానీ కొంచెం లావు గీత.

అందుకే రాజమండ్రి స్కైలైన్ ఇళ్ళది కాదండి, వంతెనలది. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన, 56 ఖానాలు, 1997 నుంచి రైళ్ళు లేవు. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, ఉక్కు ట్రస్సులు, అంటే త్రికోణాల చట్రాలు, పైన బస్సు కింద రైలు. 1997లో పూర్తయిన ఆర్చి వంతెన, 28 ఆర్చీలు, ఒక్కోటి 97.55 మీటర్లు. ఆర్చి వంతెన బాగుండటానికి కారణం ఎత్తు కాదు. ఒకే వంపు ఇరవై ఎనిమిది సార్లు తిరిగి రావడం, దూరం పోయేకొద్దీ వంపులు దగ్గరదగ్గరగా ముడుచుకుపోవడం. ఇందులో ఊరికి ఇంకో అదృష్టం ఉంది. ఊరు తూర్పు గట్టు మీద ఉంది. కాబట్టి సాయంత్రం మన గట్టు నుంచి చూస్తే సూర్యుడు వంతెనల వెనక దిగుతాడు, ఆర్చీలన్నీ నల్లని గీతల్లా తేలతాయి. ఊరు మాత్రం ఆ వేళకు కొవ్వూరు వాళ్ళకు ముఖం మీద వెలుగుతో కనపడుతుంది. వాళ్ళకు నీడబొమ్మ కావాలంటే తెల్లవారుజామున రావాలి.

ఇక డెల్టా లోపలికి వెళ్దాం. ఇక్కడ కొండ లేదు, గుట్ట లేదు. ఊరి వెనక నిలబెట్టడానికి హాంకాంగ్‌కు ఉన్నట్టు 552 మీటర్ల విక్టోరియా శిఖరం లేదు. మన వెనకతెర కొబ్బరి. పెరిగిన కొబ్బరిచెట్టు పద్దెనిమిది, ఇరవై మీటర్లు ఉంటుంది. మన అపార్ట్‌మెంటు ఎత్తూ అంతే, కాకతాళీయంగా. ఈ పచ్చని గీత చదునుగా ఉందని చిన్నచూపు చూడకండి. చదును తప్పు కాదు. అమెరికా రాజధాని వాషింగ్టన్ చూడండి. 1910 చట్టం అక్కడ భవనాల ఎత్తును ఎక్కువ చోట్ల 130 అడుగుల దగ్గర ఆపేసింది. అందువల్ల ఊరంతా ఒక పీట అయింది. ఆ పీట మీద 169 మీటర్ల స్మారక స్తంభమూ కాపిటల్ గుమ్మటమూ కూర్చున్నాయి. పాలకొల్లు క్షీరారామం గోపురానికీ అదే సూత్రం. తొమ్మిది అంతస్తులు, 120 అడుగుల చిల్లర, అంటే 36 మీటర్లు. చుట్టూ పీట, మధ్యలో గోపురం.

అయితే గోపురం దూరం నుంచి కనపడాలంటే ఏం కావాలి? ఇది డెల్టాలో ఉన్నవాళ్ళందరికీ పనికొచ్చే లెక్క, రాసుకోండి. మీ కన్ను నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు దూరంలో 36 మీటర్ల గోపురం రెండు డిగ్రీలు. మీకు రెండు వందల మీటర్లలో ఒక కొబ్బరితోట ఉందనుకోండి, 18 మీటర్ల చెట్లు. తోట 4.7 డిగ్రీలు. గోపురం పూర్తిగా మునిగిపోయింది. ఎక్కడికి జరిపితే కలశం బయటపడుతుంది? లెక్క వేస్తే తోట మీకూ గోపురానికీ మధ్య సగం దూరం దాటి ఉండాలి. అంటే కిలోమీటరు దూరంలో గోపురం కొస కనపడాలంటే మీ ముందు ఐదు వందల మీటర్ల వరిచేను ఖాళీగా ఉండాలి. పై మూడోవంతు కనపడాలంటే ఏడు వందల ముప్పై మీటర్లు. తోట స్థానంలో అపార్ట్‌మెంటు పెట్టినా లెక్క మారదు. తేడా ఒక్కటే, చెట్ల మధ్య సందులు ఉంటాయి, గోడకు ఉండవు.

ఎత్తు పెరిగితే ఈ బాధ తగ్గుతుంది. యానాంలో జనం ఈఫిల్ టవర్ అని పిలుచుకునే కట్టడం ఇంచుమించు వంద మీటర్లు. దానికి ముందు ఆరోవంతు దూరం ఖాళీగా ఉంటే చాలు, కొస కనపడుతుంది. భూమి వంపు ఒక్కటే అడ్డం అనుకుంటే నలభై కిలోమీటర్ల నుంచి కనపడాలి. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి, దానికి మన కంటి ఎత్తుకు నాలుగున్నర కలపండి. గాలిలో తేమ, దుమ్ము అంతదూరం పోనివ్వవు, అది వేరే సంగతి. కానీ కనపడటం ఒకటి, బాగుండటం ఒకటి. చుట్టూ దాని సగం ఎత్తువి నాలుగు లేకపోతే ఒంటరి స్తంభం పొలంలో నిలబెట్టిన గెడకర్రలా ఉంటుంది.

గోపురం ముందు ఖాళీని కాపాడటం అనే పని ప్రపంచంలో బాగా చేసింది లండన్. సెయింట్ పాల్స్ చర్చి ఎత్తు 111 మీటర్లు. దాని చుట్టుపక్కల భవనాలు ఎంత ఎత్తు వెళ్ళాలో 1930ల నుంచే కట్టడి ఉంది. రిచ్‌మండ్ పార్కులో ఒక దిబ్బ ఉంది, అక్కడికి చర్చి పదహారు కిలోమీటర్ల దూరం. ఆ దిబ్బ మీద పొదల సందులోంచి గుమ్మటం కనపడుతుంది, ఆ చూపుదారికి అడ్డం రాకూడదని నిబంధన. 2014లో కట్టిన లీడెన్‌హాల్ భవనం 225 మీటర్లు, దాని ఒక పక్క ఏటవాలుగా వెనక్కి వాలి ఉంటుంది. ఎవరో డిజైనరు సరదాగా వంచాడనుకుంటారు. కాదు, ఫ్లీట్ వీధి నుంచి చర్చిని చూసేటప్పుడు వెనక ఈ టవరు గుమ్మటాన్ని ఆనుకుని కనపడకూడదని వంచారు. ఈ రెండో సంగతి గమనించండి. ముందు అడ్డం రావడమే కాదు, వెనక నిలబడటమూ చెరుపే. గోపురం అంచు ఆకాశం మీద పడాలి, ఇంకో భవనం కిటికీల మీద కాదు. మన ఊళ్ళలో గోపురం వెనక సెల్ టవరు నిలబడితే జరిగేది అదే.

ఇలా కాపాడుతూ పోతే అతి కూడా అవుతుంది. కెనడాలో వాంకూవర్ నగరం కొండలు కనపడాలని 1989లో చూపుదారులు గీసి వాటి కింద ఎత్తులు కత్తిరించింది. కొన్నేళ్ళకు అన్ని టవర్లూ ఒకే ఎత్తున ఆగిపోయి, కత్తెర పెట్టిన కంచెలా తయారైంది. 1997లో మళ్ళీ అధ్యయనం చేసుకుని, కొన్ని ఎంచిన చోట్ల ఎత్తు పెంచొచ్చు అనుకున్నారు. 201 మీటర్ల టవరు ఒకటి అలా వచ్చింది.

ఇప్పుడు అంచు సంగతి. ఆస్ట్రేలియా పరిశోధకులు 2000లో ఒక ప్రయోగం ప్రచురించారు. స్కైలైన్ బొమ్మల్ని కొన్ని రకాలుగా మార్చి జనానికి చూపించారు. కొన్నింట్లో భవనాల పైఅంచు మలుపులు పెంచారు, కొన్నింట్లో గోడల మీద కిటికీలు, గీతలు పెంచారు. జనం ఇష్టాన్ని ఎక్కువ మార్చింది అంచు మలుపులే, గోడ అలంకారం కాదు. మన ఆలయ శిల్పులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. గోపురం ఒక్కో అంతస్తూ లోపలికి జరుగుతూ పోతుంది, పైన శాల అనే పొడవాటి గుండ్రని కప్పు, ఆపైన కలశాల వరస. అడుగు నుంచి కొస వరకు అంచులో తిన్నటి గీత ఎక్కడా లేదు. అద్దాల పెట్టెలాంటి భవనానికి ఉన్నది నాలుగు మూలలే.

న్యూయార్కు అంచు మలుపులు అందం కోసం వచ్చినవి కావు. 1915లో ఈక్విటబుల్ భవనం అని ఒకటి స్థలం మొత్తం ఆక్రమించి నిట్టనిలువుగా లేచింది. వీధులన్నీ చీకటి. 1916లో చట్టం వచ్చింది: వీధి వెడల్పును బట్టి కొంత ఎత్తు దాటాక భవనం వెనక్కి జరగాలి, స్థలంలో నాలుగో వంతుకు కుదించుకున్నాక ఎంత ఎత్తైనా వెళ్ళొచ్చు. మెట్లుమెట్లుగా ముడుచుకుపోయే ఆ రూపం అక్కడిది. 1931లో పూర్తయిన ఎంపైర్ స్టేట్, పైకప్పు దాకా 381 మీటర్లు, ఆ చట్టానికి పుట్టిన బిడ్డే. వీధిలోకి వెలుగు రావాలని రాసిన నిబంధన ఆకాశంలో బొమ్మ గీసింది. షికాగోలో ఇంజనీరింగు గీసింది. ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్, ఢాకా ప్రాంతం మనిషి, సియర్స్ టవరును, ఇప్పుడు విల్లిస్ టవరు అంటున్నారు, తొమ్మిది చదరపు గొట్టాల కట్టగా నిలబెట్టాడు. ఒక్కో గొట్టం 75 అడుగులు. రెండు 50వ అంతస్తు దగ్గర ఆగిపోతాయి, రెండు 66 దగ్గర, మూడు 90 దగ్గర, చివరి రెండే కొస దాకా వెళ్తాయి. ఒకదాన్నొకటి పట్టుకున్న కట్ట కాబట్టి బిగువు, పైకి పోయేకొద్దీ సన్నబడింది కాబట్టి గాలికి తక్కువ అడ్డు. 442 మీటర్లు. అంచు దానంతట అదే వచ్చింది.

బుర్జ్ ఖలీఫా సంగతి అడుగుతారని తెలుసు. 828 మీటర్లు, 2010. అందులో పైన 244 మీటర్లు మనుషులు ఉండే అంతస్తులు కావు. గొప్ప కట్టడం, సందేహం లేదు. దుబాయ్ స్కైలైన్ గొప్పదా అంటే నాకు అనుమానమే. పక్కవాటికీ దానికీ మధ్య మెట్టు లేదు. పెళ్ళి ఫోటోలో ఒక్కడే స్టూలు ఎక్కి నిలబడినట్టు. (నవ్వులు)

ఎవరైనా చేసుకోగల పరీక్ష ఒకటి చెబుతాను. ఊరి ఫోటో తీసి, ట్రేసింగ్ కాగితం పరిచి, ఆకాశం తాకే అంచు ఒక్కటే గీయండి. కింద నల్లగా పులిమేయండి. కాగితం తలకిందులు చేయండి. ఇప్పుడు ఇల్లు, గుడి, ట్యాంకు అని మెదడు పేర్లు పెట్టదు, ఒట్టి రూపం మిగులుతుంది. మూడు చూసుకోండి: కన్ను మొదట ఎక్కడ ఆగింది, ఆ చోటు మిగతా దానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉందా, అంచు అక్కడికి మెల్లగా ఎక్కిందా లేక ఒక్కసారిగా లేచిందా. హాంకాంగ్, న్యూయార్కు, షాంఘై మూడూ దీనికి నిలుస్తాయి. వాటిల్లో నా ఓటు హాంకాంగ్‌కే. నీళ్ళు ముందు, టవర్లు మధ్య, కొండ వెనక, మూడు పొరలు వేరువేరుగా తెలుస్తాయి. కొండ కనపడాలని కొండ అంచుకు దిగువన ఐదో వంతు భాగం ఖాళీగా ఉంచాలనే నియమం పెట్టుకున్నారు. కొన్ని టవర్లు దాన్ని చీల్చుకుని పోయాయి, అదీ నిజమే.

మన ఊళ్ళను ఇలా గీస్తే ఏం వస్తుంది? 18 మీటర్ల దగ్గర రంపం పెట్టి కోసినట్టు ఒక గీత, దాని మీద నల్లని చుక్కలు. గీతకు కారణం నిబంధన. మన రాష్ట్ర భవన నిబంధనల్లో చాలాకాలం 18 మీటర్లు దాటితే ఎత్తైన భవనం లెక్కలోకి వచ్చేది. అగ్నిమాపక అనుమతి, చుట్టూ ఎక్కువ ఖాళీ, వెడల్పు రోడ్డు, అన్నీ అడిగేవారు. నాలుగైదు వందల గజాల స్థలంలో అవి కుదిరేవి కావు. అందుకని అందరూ ఆ గీత కిందే ఆగారు. రెండో కారణం నేల. హైదరాబాదులో కొన్ని మీటర్లు తవ్వితే రాయి. ఇక్కడ నల్లరేగడి, ఒండ్రు, కాకినాడ వైపు మెత్తని సముద్రపు బంక. రెండు మీటర్లు తవ్వకముందే నీళ్ళు. ఎండితే పగిలి, తడిస్తే ఉబ్బే మట్టి. మూడోది గాలి. భవనాల మీద పడే భారాలకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 875, దాని ప్రకారం కోస్తాకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఇక్కడ చదరపు మీటరుకు ఇంచుమించు 150 కిలోలు, అక్కడికంటే ముప్పై శాతం దాకా ఎక్కువ. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరి గీతను ఎలా విరగ్గొట్టిందో ఇక్కడ చాలామందికి గుర్తే.

అయితే మెత్తటి నేల మీద ఎత్తు కట్టలేం అనుకోకండి. షాంఘై కూడా డెల్టా ఊరే, యాంగ్జీ నది డెల్టా. ఆ 632 మీటర్ల టవరు కింద 980 పైల్స్, అంటే నేలలోకి దించిన స్తంభాలు ఉన్నాయి, 86 మీటర్ల లోతు దాకా దిగాయి, వాటి మీద ఆరు మీటర్ల మందం రాఫ్టు, అంటే పునాది పలక. పాత షికాగో కూడా బంకమన్నే. 1891లో కట్టిన మొనాడ్‌నాక్ భవనం పదహారు అంతస్తులు ఇటుక గోడలతో, అడుగున ఆరడుగుల మందం. ఆ బరువుకు ఇరవై అంగుళాల దాకా నేలలోకి దిగింది. ఇప్పటికీ నిలబడే ఉంది. నేల వద్దని చెప్పదు, బిల్లు వేస్తుంది.

ఇక ఆ నల్లని చుక్కలు. ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు. వీటి గురించి ఎవరూ మాట్లాడరు కానీ మన అంచును ఎక్కువగా చెడగొట్టేవి ఇవే. ట్యాంకును స్టాండు మీద పెడితే దాని కొస టెర్రస్ నుంచి 2.3 మీటర్లు అనుకుందాం, పిట్టగోడ మీటరు. ఇరవై మీటర్ల రోడ్డు అవతల నిలబడినవాడికి కనపడకుండా ఉండాలంటే ట్యాంకును అంచు నుంచి మీటరున్నర వెనక్కి జరిపితే చాలు. మేస్త్రి అలాగే జరిపి, కనపడటం లేదు కదండీ అంటాడు. కానీ గోదావరిలో అర కిలోమీటరు దూరంలో పడవలో ఉన్నవాడికి దాచాలంటే ముప్పై ఏడు మీటర్లు వెనక్కి జరపాలి. భవనమే అంత ఉండదు. రోడ్డు నుంచి దాచింది ఏటి నుంచి దాగదు. అందుకని జరపడం కాదు, చేర్చడం మార్గం. మెట్ల గది, లిఫ్టు గది, ట్యాంకులు మూడింటినీ ఒక్కచోట చేర్చి ఒకే గోడ చుడితే అది భవనానికి తల అవుతుంది. విడివిడిగా ఉంటే మొటిమలు.

వెలుగు గురించి రెండు ముక్కలు చెప్పి ఆపుతాను. మన అక్షాంశంలో సూర్యుడు నిలువుగా దిగుతాడు, సంధ్య వెలుగు ఇరవై నాలుగు నిమిషాలకు మించదు. లండన్‌లో జూన్‌లో ముప్పావుగంట దాకా ఉంటుంది. ఫోటోకు ఆకాశం వెలుగూ దీపాల వెలుగూ సమానంగా ఉండే సమయం మనకు సూర్యాస్తమయం తర్వాత పదిహేనో నిమిషం నుంచి ఓ ఐదారు నిమిషాలు, అంతే. వాన వెలిసిన మర్నాడు గాలి శుభ్రంగా ఉంటుంది. మాఘమాసపు మంచు పొద్దున కింది భాగం తినేసి కొసలే వదులుతుంది, దానికీ ఒక అందం ఉంది.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మాస్టారూ, రాజమండ్రి గట్టు మీద ఒక్క యాభై అంతస్తుల టవరు కడితే ఊరికి గుర్తు వస్తుంది కదండీ?

గుర్తు వస్తుంది బాబూ. యాభై అంతస్తులంటే 160 మీటర్లు. కొవ్వూరు నుంచి 3.3 డిగ్రీలు, చాచిన చేతిలో రెండు వేళ్ళ మందం. చుట్టూ ముప్పాతిక గింజ ఊరు, మధ్యలో రెండు వేళ్ళు. ఇందాకటి స్టూలు ఎక్కినవాడే. పైగా ఆర్చి వంతెన పక్కన పడితే ఆ వంపుల వరసకు అడ్డంగా ఒక నిలువు గీత గీసినట్టవుతుంది. కట్టాలనే ఉంటే వంతెనలకు దూరంగా, మూడు నాలుగు వేర్వేరు ఎత్తుల్లో గుంపుగా కట్టమంటాను.

ప్రశ్న: భీమవరం వైపు నది లేదు కదండీ. మాకు నిలబడే చోటు ఎక్కడ?

ఆయ్, మీకు చేపల చెరువులు ఉన్నాయి కదండీ! పది ఎకరాల చెరువు అంటే ఒక పక్క రెండు వందల మీటర్ల నీళ్ళు, చెట్టూ గోడా లేకుండా. హాంకాంగ్‌కు హార్బరు ఎలాగో మీకు అది అలాగ. రెండు వందల మీటర్ల నుంచి 18 మీటర్ల భవనం ఐదు డిగ్రీలు, నేను చెప్పిన కింది హద్దు. కాకపోతే రొయ్యల చెరువైతే ఏరియేటర్లు తిరుగుతాయి, నీళ్ళలో నీడ చెదిరిపోతుంది. చేపల చెరువు, గాలి లేని తెల్లవారుజాము చూసుకోండి. గట్ల మీద కొబ్బరి నాటేటప్పుడు ఊరి వైపు గట్టు వదిలేస్తే చాలు.

ప్రశ్న: ఫోనుతో తీస్తే ఊరు చీమంత వస్తుందండి.

ఫోను మామూలు కెమెరా అడ్డంగా డెబ్బై డిగ్రీల దాకా చూస్తుందమ్మా. అందులో రెండు డిగ్రీల ఊరు చీమే. మూడు రెట్ల లెన్సు ఉంటే అది వాడండి, వేళ్ళతో సాగదీయకండి. అడుగున నీళ్ళు మూడో వంతుకు మించనివ్వకండి. డిసెంబరులో అయితే ఐదున్నరకు సూర్యుడు దిగిపోతాడు, ఐదుముప్పావుకు క్లిక్కు. జూన్‌లో ఆరూ నలభై, ఇంకో పావుగంట.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు మీద ఇప్పటికే ఆరు ట్యాంకులు ఆరు మూలల్లో ఉన్నాయండి. ఇప్పుడు మార్చొచ్చా?

మార్చొచ్చు, తొందరపడకండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. ఆరింటినీ మెట్ల గది పక్కన ఒకేచోట చేరిస్తే ఆరు టన్నులు. స్లాబు మధ్యలో పెడితే పగుళ్ళు వస్తాయి, కింద ఇంట్లో చెమ్మ దిగుతుంది. కాలమ్స్ మీద బీములు వేసి వాటి మీదే ఆనించాలి. పై అంతస్తు కుళాయికి ఒత్తిడి రావాలంటే ట్యాంకు అడుగు టెర్రస్‌కు మరీ ఆనకూడదు, స్టాండు ఎత్తు తగ్గించకండి. చుట్టూ గోడ కడితే ట్యాంకుకీ గోడకీ మధ్య మనిషి దూరే సందు ఉంచండి, కడగాలి కదా. తుపాను గాలికి నిలవాలి కాబట్టి గోడను కాలమ్ చువ్వలతో కలపండి, లేదా జాలీ వేయండి, గాలి పోతుంది, ఖర్చూ తక్కువ. ముందు ఇంజనీరుతో కాలమ్స్ ఎక్కడున్నాయో గీయించుకుని, ఆ తర్వాతే ప్లంబరును పిలవండి.